డీజిల్ లారీ పైపుల్లో గాలి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, మీ వృత్తికి సంబంధించి సభ్యులకు ఉపయోగపడే విషయం ఒకటి మాట్లాడండి అన్నారు. చదువుల గురించి, ఆరోగ్యం గురించి చెప్పడానికి మాకంటే తగినవారు ఈ వేదిక మీదనే ఉన్నారు. మాకు తెలిసినది డీజిల్ బండి, దాని పంపు, దాని పైపులు. మన సభ్యులలో లారీ యజమానులున్నారు, డ్రైవర్లున్నారు, షెడ్డుల్లో పనిచేసే మిస్త్రీలున్నారు, ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లలున్నారు. వీళ్ళ సంపాదన మీద నడిచే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అందుచేత, వీళ్ళందరి నోటా రోజూ వినబడే ఒక మాట తీసుకున్నాము. "ఎయిర్ పట్టింది" అన్నదే ఆ మాట.

ఆడవారు, పిల్లలు కూడా ఉన్న సభలో ఈ మిస్త్రీ మాటలెందుకు అని ఎవరూ అనుకోవద్దని మనవి. ఇంటికి రావలసిన కిరాయి డబ్బు షెడ్డులో ఎందుకు ఖర్చయిందో, పనికి పోయిన కుర్రవాడు రాత్రి ఎందుకు దగ్గుతున్నాడో, ఆ సంగతి కూడా ఇందులోనే ఉన్నది.

ముందుగా ఇంజను విషయం. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గ్ పట్టణంలో ఈ రకం ఇంజనును విజయవంతంగా నడిపి చూపించాడు. దీనికి స్పార్క్ ప్లగ్గు ఉండదు. సిలిండరులోకి ఉత్త గాలినే పీల్చి, దానిని సుమారు పదిహేడవ వంతుకు నొక్కుతుంది. సైకిలు పంపు కొడితే అడుగు భాగం వేడెక్కడం మనందరికీ తెలుసు. ఇక్కడ ఆ వేడి 500 డిగ్రీలు దాటుతుంది. ఆ మంటలాంటి గాలిలోకి నాజిల్ డీజిల్‌ను పొగమంచులా చిమ్ముతుంది. వెంటనే అంటుకుంటుంది. అంటే గాలి ఇంజనుకు అవసరమే. కాని దాని దారి ఎయిర్ క్లీనరు గుండా. డీజిల్ వచ్చే దారిలోకి అది రాకూడదు.

డీజిల్‌ను అలా చిమ్మాలంటే ఒత్తిడి కావాలి. పాత పద్ధతి లారీలలో సుమారు 200 బార్ ఒత్తిడి వస్తేగాని నాజిల్ తెరుచుకోదు. ఈ పని చేసే పంపును పెద్దయెత్తున తయారుచేయడం జర్మనీలో బాష్ కంపెనీ 1927లో మొదలుపెట్టింది. మన దేశంలో 1951లో బెంగుళూరులో ఏర్పడిన మైకో కంపెనీ పంపులు షెడ్డులన్నిటా పేరు పొందాయి. 2008లో ఆ కంపెనీ పేరు బాష్ లిమిటెడ్ అని మారినా, మన మిస్త్రీలు చాలామంది ఇంకా మైకో పంపు అనే అంటారు. ఆ పంపు లోపల సిలిండరుకు ఒకటి చొప్పున ప్లంజర్లు ఉంటాయి. ప్లంజరుకూ, అది ఆడే గొట్టానికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుందంటే ఈ సందు ఎంత సన్ననిదో ఊహించండి.

ఇప్పుడు గాలి ఏం చేస్తుందో చూద్దాం. ఆసుపత్రిలో ఇంజెక్షన్ ఇచ్చే సిరంజి ఒకటి తీసుకోండి. సూది తీసేసి, నిండా నీళ్ళు పట్టి, మొనను వేలితో మూసి నొక్కండి. కదలదు. అదే సిరంజిలో నీళ్ళకు బదులు గాలి ఉంచి నొక్కండి. సగం దాకా సులభంగా పోతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. లారీ పంపులోనూ ఇంతే. 200 బార్ ఒత్తిడి పెట్టినా డీజిల్ వందకు ఒకటిన్నర పాళ్ళు కూడా కుంచించుకుపోదు. గాలి అయితే రెండువందల వంతుకు అణిగిపోతుంది. ఒక్కో దఫా నాజిల్ చిమ్మే డీజిల్ ఒకటి రెండు చుక్కలకు మించదు. ఆ రెండు చుక్కలు ఉండవలసిన చోట గాలి ఉంటే, ప్లంజరు ఎంత నొక్కినా గాలే అణుగుతుంది, లేస్తుంది. 200 బార్ రాదు, నాజిల్ తెరుచుకోదు. ఆ సిలిండరు ఆ దఫా ఖాళీగా తిరిగినట్టే. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో నాజిల్ 1,000 సార్లు చిమ్మాలి. మధ్యమధ్య కొన్ని దఫాలు తప్పితే మిస్సింగ్ కొడుతుంది, అన్నీ తప్పితే బండి ఆగుతుంది.

రెండవ నష్టం వెంటనే కంటికి కనబడదు. ఆ ప్లంజర్లకు, నాజిల్ సూదులకు వేరే ఆయిల్ లేదు. లోపల పారే డీజిలే వాటికి నూనె, అదే చల్లదనం. గాలి వస్తే ఆ క్షణాలలో ఇనుము మీద ఇనుము పొడిగా రాసుకుంటుంది. గీతలు పడతాయి. రెండు మైక్రాన్ల సందు పెరిగిపోతుంది. అందుకనే ఎయిర్ పట్టిన బండిని అలాగే గంటలకొద్దీ సెల్ఫ్ కొడుతూ, తోస్తూ, లాగిస్తూ ఉంటే, చివరికి నిజంగానే పంపు పని పడుతుంది.

ఒక లారీని ఊహించుకుందాం. ఎర్రగుంట్లలో సిమెంటు ఎత్తుకుని కడప మీదుగా రాయచోటి వైపు బయలుదేరింది. మైదానంలో బాగానే ఉన్నది. గువ్వలచెరువు ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే పట్టు లేదు. యాక్సిలేటరు తొక్కినా లేవడం లేదు. ఇంజను ఒకసారి పెరుగుతుంది, ఒకసారి తగ్గుతుంది. మలుపులో ఆగిపోయింది. హ్యాండు పంపు కొట్టి ఎయిర్ తీస్తే స్టార్ట్ అయింది. రెండు కిలోమీటర్లు పోయి మళ్ళీ ఆగింది. డ్రైవరు యజమానికి ఫోను చేసి, "సేఠ్, పంపు పోయినట్టుంది" అంటాడు. యజమాని పంపు ఊడదీసి కాలిబ్రేషన్‌కు పంపమంటాడు. పంపు దిగుతుంది, ఎక్కుతుంది, వేలల్లో బిల్లు అవుతుంది. తిరుగు కిరాయికి మదనపల్లెలో మాట్లాడుకున్న టమాటా లోడు వేరే బండికి పోతుంది. ఇంత చేసి బయటికి తీస్తే, మళ్ళీ ఘాట్‌లో అదే తంతు. ఎందుకంటే గాలి వచ్చే దారి పంపులో లేదు. టాంకు నుంచి వచ్చే పైపు బోల్టు కింద, నలిగిపోయిన రాగి వాషరులో ఉన్నది. దాని ఖరీదు కొద్ది రూపాయలు.

ఇటువంటిది ఎందుకు జరుగుతుందో అర్థం చేసుకోవడమే ఈ ప్రసంగంలో ముఖ్యం. దయచేసి మిస్త్రీ సోదరులు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోవాలి.

లారీ టాంకు చాసిస్ పక్కన కింద ఉంటుంది. ఇంజను పైన ఉంటుంది. డీజిల్‌ను పైకి లాగేది ఫీడ్ పంపు. కాబట్టి టాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపులో ఉండేది లాగుడు. ఫీడ్ పంపు దాటిన తరువాత ఫిల్టర్ల గుండా పంపు దాకా ఉండేది తోపుడు. తోపుడు ఉన్నచోట సందు పడితే డీజిల్ బయటికి కారుతుంది. చేతికి తగులుతుంది, దుమ్ము పట్టి నల్లగా కనబడుతుంది. అందరూ దానినే వెతుకుతారు. లాగుడు ఉన్నచోట సందు పడితే ఇంజను నడుస్తున్నంతసేపు ఒక్క చుక్క కూడా బయటికి రాదు. బయటి గాలే లోపలికి పోతుంది. కొబ్బరి బోండాం తాగే గొట్టానికి చీలిక ఉంటే నోట్లోకి గాలి వస్తుందేగాని, చీలికలోంచి నీళ్ళు కారవు గదా! ఇదీ అలాంటిదే. పైపు శుభ్రంగా, పొడిగా ఉన్నదని చూసి వదిలేసిన చోటే తరచుగా గాలి దూరుతున్న దారి ఉంటుంది.

ఘాట్‌లోనే ఎందుకు బయటపడుతుంది? లోడులో ఇంజనుకు డీజిల్ ఎక్కువ కావాలి. పైపులో లాగుడు పెరుగుతుంది.  లాగుడు పెరిగినకొద్దీ చిన్న సందులోంచి కూడా గాలి దూరుతుంది. పొద్దున్నే స్టార్ట్ కాకపోవడానికీ ఇదే కారణం కావచ్చు. రాత్రంతా బండి నిలబడితే ఆ సందులోంచి గాలి చేరి, పైపులోని డీజిల్ మెల్లగా టాంకులోకి జారిపోతుంది. తెల్లవారి సెల్ఫ్ కొడితే పైపు ఖాళీ.

గాలి దూరే దారులు సాధారణంగా ఇవి. టాంకు పూర్తిగా అయిపోయేదాకా నడపడం. టాంకులో డీజిల్ అడుగుకు పోయినప్పుడు వాలు మీద నిలబెట్టడం. టాంకు లోపలి పైపుకు పగులు. రబ్బరు పైపు ఎండి బీటలు వారడం, క్లిప్పు వదులు కావడం. బాంజో బోల్టు కింద రాగి వాషరు నలగడం. కొత్త ఫిల్టరు వేసేటప్పుడు పాత రబ్బరు రింగు తీయకుండా దాని మీదే కొత్తది వేయడం, లేక రింగు మెలిపడడం. ఫిల్టరులో డీజిల్ నింపినా ఎయిర్ తీయకుండా స్టార్ట్ చేయడం. హ్యాండు పంపు పిడి సరిగా బిగించకపోవడం. టాంకు మూత సంగతి కూడా చెప్పాలి. మూతలో గాలి ఆడే సన్నని రంధ్రం మట్టితో పూడిపోతే టాంకులో వెలితి పుట్టి లాగుడు విపరీతమవుతుంది. మూత తిప్పగానే బుస్సుమని శబ్దం వచ్చి, ఆ తరువాత కొంతసేపు బండి బాగా నడిచిందంటే మూతనే శుభ్రం చేయాలి.

వాడిన రాగి వాషరు గట్టిపడుతుంది, మళ్ళీ బిగిస్తే కూర్చోదు. కొత్తది వేయడం మంచిది. దొరకని చోట పాతదానిని ఎర్రగా కాల్చి చల్లారిస్తే మెత్తబడుతుంది. గీత పడిన వాషరుకు అదీ పనికిరాదు. సందులకు సబ్బు పూయడం, నూలు దారం చుట్టడం ఊరు చేరేదాకా పనికివచ్చే ఉపాయాలే. దారం పోగు లోపలికి పోతే పంపుకు చేటు. ఊరు చేరగానే తీసేయాలి.

దారి ఎక్కడున్నదో కనిపెట్టడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. పాత రకం బండికి ఒక శుభ్రమైన డబ్బా, రెండు గజాల మంచి రబ్బరు పైపు చాలు. టాంకు నుంచి వచ్చే పైపును ఫీడ్ పంపు దగ్గర విప్పి, అక్కడ ఈ కొత్త పైపు బిగించి, రెండవ కొసను వడగట్టిన డీజిల్ డబ్బాలో ముంచండి. ఎయిర్ తీసి నడపండి. బండి చక్కగా నడిస్తే దోషం టాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యనే ఉన్నది. అప్పటికీ మార్పు లేకపోతే ఫీడ్ పంపు, ఫిల్టర్లు, తరువాతే పెద్ద పంపు చూడాలి. అలాగే ఒక జానెడు పారదర్శకమైన గొట్టం మధ్యలో వేసి చూస్తే బుడగలు కళ్ళకే కనబడతాయి. ఈ రెండు పరీక్షలూ చేయకుండా పంపు విప్పవద్దని యజమానులు గట్టిగా అడగాలి. అడిగితే మిస్త్రీకి చిన్నతనమేమీ లేదు.

స్టార్ట్ కాని ప్రతి బండికీ ఎయిర్ పట్టిందనుకోవడం కూడా సరికాదు. ముందు టాంకులో డీజిల్ ఉన్నదా, ఇంజను ఆపే కేబుల్ పూర్తిగా లోపలికి పోయిందా చూడాలి. సెల్ఫ్ కొడుతున్నంతసేపు సైలెన్సరులోంచి ఏ పొగా రాకపోతే సిలిండరుకు డీజిల్ చేరడం లేదని అర్థం. తెల్లని పొగ వస్తూ పట్టుకోకపోతే డీజిల్ చేరుతున్నది గాని మండడం లేదు. అప్పుడు వెతకవలసినది వేరు.

ఎయిర్ తీసే వరుస మిస్త్రీలకు తెలిసినదే అయినా, పని నేర్చుకునే పిల్లల కోసం చెబుతున్నాము. టాంకు వైపు నుంచి ఇంజను వైపుకు రావాలి. మొదట ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి హ్యాండు పంపు కొట్టాలి. నురగ, బుడగలు పోయి తెంపు లేకుండా డీజిల్ వస్తుండగానే స్క్రూ బిగించాలి. పంపు కొట్టడం ఆపి బిగిస్తే మళ్ళీ గాలి పీలుస్తుంది. తరువాత పెద్ద పంపు మీది స్క్రూ దగ్గర అదే విధంగా. అప్పటికీ పట్టుకోకపోతే, పాత పద్ధతి ఇంజనులో మాత్రమే, నాజిల్ దగ్గర నట్లు కొద్దిగా వదులు చేసి సెల్ఫ్ కొట్టి, డీజిల్ రాగానే బిగించాలి. ఒక్కో దఫా 15 సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టవద్దు. మధ్యలో నిమిషమైనా ఆగాలి. ఎయిర్ క్లీనరు తీసి పెట్రోలు గుడ్డ పెట్టి స్టార్ట్ చేయడం మానుకోవాలి. పిస్టన్ రింగులు విరుగుతాయి, మంటలు అంటుకుంటాయి. ఒక మాట మరువవద్దు. ఎయిర్ తీయడం రిపేరు కాదు. వచ్చిన గాలిని పంపించాము, అంతే. వచ్చిన దారి మూసేదాకా పని అయినట్టు కాదు.

ఇక ప్రాణాలకు సంబంధించిన మూడు విషయాలు చెప్పి ముగిస్తాము.

మొదటిది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమ్మే కొత్త లారీలకు బి.ఎస్.-6 ప్రమాణం వచ్చింది. ఈ ఇంజన్లలో కామన్ రైల్ అనే పద్ధతి ఉన్నది. ఒత్తిడి 200 బార్ కాదు, 1,600, 2,000 బార్ వరకు, కొన్నింటిలో ఆ పైన కూడా ఉంటుంది. పాత బండి మీద చేయి తిరిగిన మిస్త్రీ అలవాటు కొద్దీ నాజిల్ నట్టు వదులు చేస్తే, వెంట్రుకంత ధార చర్మంలో గుచ్చుకుపోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే. నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు. లోపల డీజిల్ కండరాల్లోకి, నరాల వెంట పాకుతుంది. ఆలస్యమైతే వేలు, ఒక్కొక్కప్పుడు చెయ్యి తీసేయవలసి వస్తుంది. కట్టు కట్టి పొద్దున చూద్దామనుకోవద్దు. ఆ గడియలోనే ఆపరేషన్ చేయగల పెద్ద ఆసుపత్రికి పోయి, ఒత్తిడితో డీజిల్ ఎక్కిందని డాక్టరుగారితో స్పష్టంగా చెప్పాలి. ఈ బండ్లకు ఎయిర్ తీయడం తక్కువ ఒత్తిడి వైపునే, కంపెనీ పుస్తకంలో చెప్పిన పద్ధతిలోనే చేయాలి. గాలితో నడిస్తే ఇందులోని పంపు అరిగి, ఆ ఇనుప పొడి నాజిల్ అన్నిటికీ పాకుతుంది. అప్పుడు ఖర్చు లక్షల్లోకి పోవచ్చు.

రెండవది మన పిల్లల సంగతి. పైపు ఖాళీ అయినప్పుడు, "ఒరేయ్, నోటితో లాగు" అని కుర్రవాడికి పైపు అందించడం చాలా చోట్ల వాడుక. మింగితే కడుపులో మంట అనుకుంటారు. అసలు ప్రమాదం అది కాదు. కొద్ది డీజిల్ ఊపిరితిత్తుల్లోకి జారినా అక్కడ వాపు వచ్చి, న్యుమోనియా వంటి జబ్బు చేస్తుంది. దగ్గు, ఆయాసం, జ్వరం కొన్ని గంటల తరువాత కూడా మొదలుకావచ్చు. అలా జరిగితే వాంతి చేయించకూడదు. వాంతిలో మళ్ళీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే డాక్టరుకు చూపించాలి. రబ్బరు బుడ్డి ఉన్న చేతి పంపులు తక్కువ ధరకే దొరుకుతాయి. ప్రతి షెడ్డులో ఒకటి, ప్రతి లారీలో ఒకటి ఉండాలి. కొన్ని వందల రూపాయలు మిగిల్చడానికి ఒక పిల్లవాడి ఊపిరితిత్తులను పణంగా పెట్టే హక్కు ఏ ఉస్తాద్‌కూ, ఏ యజమానికీ లేదు. తల్లులు కూడా ఈ మాట పిల్లలను అడిగి తెలుసుకోవాలి.

మూడవది రోడ్డు మీద ప్రమాదం. ఇంజను ఆగితే డీజిల్ మాత్రమే ఆగదు. బ్రేకులకు గాలి నింపే కంప్రెసరు ఆగుతుంది. పవర్ స్టీరింగు బిగుసుకుపోతుంది. బ్రేకును మాటిమాటికీ తొక్కితే ట్యాంకుల్లో మిగిలిన గాలి తరిగిపోతుంది. అందుచేత మిస్సింగ్ మొదలుకాగానే, పైదాకా ఎక్కిద్దాంలే అని లాగకుండా, వెడల్పైన చోటు చూసి పక్కకు తీసి ఆపాలి. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు ఆపు పెట్టి, వెనుక ఎర్ర త్రికోణం పెట్టిన తరువాతే కిందికి దూరాలి. రాళ్ళు పెడితే బయలుదేరేటప్పుడు వాటిని రోడ్డు మీద నుంచి తీసేయాలి. వెనుక మోటారు సైకిలు మీద వచ్చేవాడు కూడా ఒక ఇంటివాడే.

చివరిగా సంఘానికి ఒక విన్నపం. మన యజమాని సోదరులు ప్రతి లారీలో ఒక డబ్బా పెట్టించాలి. అందులో ఒక ఫిల్టరు సెట్టు, నాలుగు సైజుల రాగి వాషర్లు, ఒక గజం డీజిల్ పైపు, నాలుగు క్లిప్పులు, రబ్బరు బుడ్డి పంపు, శుభ్రమైన గుడ్డ ఉండాలి. షెడ్డుల్లోని పెద్ద మిస్త్రీలు ఏడాదికి ఒకటి రెండు ఆదివారాలు సంఘం ఆవరణలో పిల్లలకు ఈ పని చూపించాలి. పాత బండి ఏది, కొత్త బండి ఏది, ఏ నట్టు విప్పవచ్చు, ఏది ముట్టుకోకూడదు, ఇవి చూసి నేర్చుకుంటే మంచిది. ఇందుకు మాకు చేతనైన సాయం మేము చేస్తాము.